లూసియానా: విందులు, వేడుకలు

సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన శ్రీనాథ మహాకవి పలనాటి సీమకు వెళ్లి, అక్కడి జొన్నన్నం గొంతు దిగక విసుక్కొన్నట్లు చాటుపద్యాలు చెబుతున్నాయి. కవిసార్వభౌమునికి అది కొద్దికాలపు కష్టం. తిరిగి వెళ్లడానికి ఆయనకు ఊరున్నది. తిరిగి వెళ్లడానికి ఊరే మిగలనివారు పరాయి నేలమీద ఏమి వండుకొన్నారు, ఏ పండుగలు జరుపుకొన్నారు, తమ భాషను ఎంతవరకు నిలుపుకోగలిగారు అన్నది ఈ పాఠంలోని విషయం. ఆ నేల అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దక్షిణపు కొసన, మిసిసిపీ నది మెక్సికో సింధుశాఖలో కలిసే చోట ఉన్న లూసియానా రాష్ట్రం.

1682లో లా సాల్ అనే ఫ్రెంచి అన్వేషకుడు మిసిసిపీ నదీ ప్రాంతాన్ని తన ప్రభువైన పద్నాలుగవ లూయీ పేరు మీద లూసియానా అన్నాడు. 1718లో న్యూ ఆర్లియన్స్ నగరం వెలసింది. కొంతకాలం స్పెయిన్ ఏలుబడిలో ఉండి మళ్లీ ఫ్రాన్సు చేతికి వచ్చిన ఈ విశాల భూభాగాన్ని 1803లో నెపోలియన్ కోటీ యాభై లక్షల డాలర్లకు అమెరికాకు అమ్మివేశాడు. అందులో దక్షిణ భాగం 1812లో పద్దెనిమిదవ రాష్ట్రమైంది. ఏలికలు మారినా ఆనవాళ్లు మాసిపోలేదు. తక్కిన రాష్ట్రాలలో ఎక్కువవాటిలో జిల్లాల వంటి విభాగాలను కౌంటీలంటే, ఇక్కడ చర్చి పరిపాలనను గుర్తుచేసే పారిష్ అనే పేరుతో పిలుస్తారు. అటువంటివి 64 ఉన్నాయి.

ఈ నేలకు తొలి హక్కుదారులు చాక్టా, చిటిమాచా, హూమా మొదలైన ఆదివాసులు. 1719 నుండి ఆఫ్రికావారిని సంకెళ్లు వేసి ఓడలలో తెచ్చారు. ఆ తొలి ఓడల నాయకులకు ఒక ప్రత్యేకమైన ఉత్తరువు ఉండేది: వరి విత్తనాలతోపాటు వరిసాగు తెలిసిన మనుషులను కూడా కొనుక్కొని రావాలని. లూసియానా ప్రజలు నేడు తినే అన్నం వెనుక ఉన్న చరిత్ర ఇది.

మరొక వర్గం అకాడియనులు. 1604 నుండి ఫ్రెంచి రైతులు కొందరు కెనడా తూర్పుతీరంలో, నేటి నోవా స్కోషియా ప్రాంతంలో స్థిరపడి, దానిని అకాడీ అని పిలుచుకొన్నారు. సముద్రపు పోటుకు కరకట్టలు కట్టి, ఉప్పునేలను పంటభూమిగా మార్చుకొన్న కష్టజీవులు వారు. 1713లో ఆ సీమ ఆంగ్లేయుల వశమైంది. బ్రిటిష్ రాజుకు షరతులు లేని విధేయతా ప్రమాణం చేయడానికి నిరాకరించినందుకు, 1755లో వారిని దేశం నుండి వెళ్లగొట్టే ఆజ్ఞ వెలువడింది. ఇండ్లు తగులబెట్టి, పశువులను స్వాధీనం చేసుకొని, మనుషులను ఓడలెక్కించారు. ఒకే కుటుంబంలోనివారు వేరువేరు ఓడలలో పడి, వేరువేరు తీరాలకు చేరిన సందర్భాలున్నాయి. కొద్ది సంవత్సరాలలో పదివేలమందికి పైగా ఆ గడ్డనుండి తొలగింపబడ్డారు. ఓడలు మునిగి కొందరు, రోగాలు సోకి అనేకులు మరణించారు. లాంగ్‌ఫెలో అనే అమెరికన్ కవి 1847లో ప్రకటించిన ‘ఎవాంజెలీన్’ కావ్యానికి ఈ విషాదమే ఇతివృత్తం.

చెదరిపోయినవారిలో కొందరు 1765 నాటికి లూసియానా చేరుకొన్నారు. 1785లో ఫ్రాన్సునుండి ఏడు ఓడలలో మరో పదహారువందలమంది వచ్చారు. అకాడియన్ అనే మాట జనుల నోట అరిగి అరిగి కేజన్ అయింది. వీరు చెప్పుకొనే కథ ఒకటి ఉన్నది. అకాడీ సముద్రంలోని లాబ్‌స్టరు అనే పెద్ద రొయ్యలు తమవారిని విడిచి ఉండలేక వెంట ఈదుకొంటూ వచ్చాయట. దారి పొడుగునా చిక్కి శల్యమై, లూసియానా చేరేసరికి వ్రేలెడు క్రాఫిష్‌లుగా మిగిలాయట. తమ అవస్థను తాము చెప్పుకోలేక రొయ్యకు ఆపాదించి చెప్పుకొన్నారని నాకు అనిపిస్తుంది.

ఇంతమంది చేయి పడిన వంటకం గంబో. ఇది మన పులుసుకు దూరపు బంధువు. ముందుగా నూనెలోగాని కొవ్వులోగాని గోధుమపిండి వేసి, సన్నని సెగమీద విడువకుండా కలుపుతారు. దానిని రూ అంటారు. అది ఫ్రెంచి పద్ధతి. కాని ఫ్రాన్సులో రూ ఎక్కువగా లేతరంగులో ఉండగానే దించుతారు. ఇక్కడ అది వేరుసెనగ రంగు దాటి, ఇటుక రంగు దాటి, కాఫీగింజ రంగుకు వచ్చేదాకా కలపవలసిందే. ఒక్క క్షణం ఏమరితే మాడుతుంది. మాడితే పారబోసి మళ్లీ మొదలుపెట్టవలసినదే కాని, సవరించడానికి వీలులేదు. అందులో ఉల్లి, సెలెరీ కాడలు, కాప్సికం తరిగి వేస్తారు. భక్తిపరులైన కేథలిక్కుల సీమ గనుక ఈ మూడింటికి కలిపి ‘పరిశుద్ధ త్రిత్వం’ అని పేరు పెట్టుకొన్నారు. ఆపైన కోడిమాంసమో, రొయ్యలో, పీతలో, సాసేజిలో వేసి చాలాసేపు మరిగించి, అన్నంమీద పోసుకొని తింటారు.

పులుసు చిక్కబడడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి బెండకాయ. ఆఫ్రికాలోని కొన్ని బంటూ భాషలలో బెండకాయను కింగోంబో అంటారు. గంబో అనే పేరు దానినుండే వచ్చిందని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. మన ఇండ్లలో బెండకాయ జిగురు పోయేదాకా వేయిస్తాము. గంబోకు ఆ జిగురే ప్రాణం. రెండవది ససాఫ్రాస్ అనే చెట్టు ఆకుల పొడి. దీనిని ఫీలే అంటారు. చాక్టా ఆదివాసులు నేర్పిన విద్య ఇది. పూర్వం బెండకాయలు దొరకని చలికాలంలో ఈ పొడి వాడేవారు. దించిన తర్వాతనే దీనిని కలపాలి. పొయ్యిమీద ఉండగా కలిపితే తీగలు సాగుతుంది.

ఈస్టరుకు ముందు వచ్చే గురువారంనాడు ఆకుకూరలతో చేసే గంబో వేరే ఉన్నది. అందులో వేసే కూరల సంఖ్య బేసిగా ఉండాలని నియమం. ఎన్ని రకాల ఆకులు పడితే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులు కలుగుతారని నమ్మకం. న్యూ ఆర్లియన్స్‌లోని డూకీ చేజ్ భోజనశాలలో లియా చేజ్ అనే నల్లజాతి మహిళ దశాబ్దాలపాటు ఈ గంబో వండి వడ్డించింది. తెల్లవారు, నల్లవారు బహిరంగంగా ఒక బల్లవద్ద కూర్చొని భోజనం చేయడం చట్టవిరుద్ధమైన రోజులలో, పౌరహక్కుల ఉద్యమకారులు జాతిభేదం లేకుండా ఆమె భోజనశాల మేడమీది గదిలో కలుసుకొని, ఆ గంబో తింటూ తమ ఆలోచనలు సాగించారు. ఆమె 2019లో తన 96వ ఏట మరణించింది.

వరి పొలాలలో క్రాఫిష్ పెంపకం ఈ రాష్ట్రపు మరొక విశేషం. వేసవిలో పంట కోసిన తర్వాత శరదృతువులో మళ్లీ నీరు పెడతారు. కోసిన వరి మోళ్లు, వాటినుండి మళ్లీ మొలిచిన పిలకలు వాటికి ఆహారాధారమవుతాయి. వసంతంలో పెద్ద కుండలలో ఘాటైన మసాలాతో, బంగాళాదుంపలు, మొక్కజొన్నపొత్తులతో కలిపి ఉడికించి, వార్తాపత్రికలు పరచిన బల్లలమీద గుమ్మరిస్తారు. పళ్లేలు, గరిటెలు లేవు. అందరూ నిలబడి చేతులతో ఒలుచుకొని తినడమే. న్యూ ఆర్లియన్స్‌లో సోమవారం వంట మాత్రం ఇంత ఆర్భాటం లేనిది. పూర్వం అది బట్టలుతికే రోజు. ఆదివారం విందులో మిగిలిన పంది తొడ ఎముకను ఎర్ర చిక్కుడు గింజలతో కలిపి పొయ్యిమీద పెట్టి, ఇల్లాలు ఉతుకుడు పనిలో పడేది. పని ముగిసేసరికి కూర సిద్ధం. ఉతికే యంత్రాలు వచ్చి ఎంతో కాలమైనా, సోమవారపు చిక్కుడు గింజలు, అన్నం మాత్రం ఉండిపోయాయి.

ఈస్టరుకు ముందు నలభైరోజుల ఉపవాస దీక్ష విభూతి బుధవారంతో ఆరంభమవుతుంది. దాని ముందురోజు వచ్చే పండుగ మార్డీ గ్రా. ఆ మాటకు ‘కొవ్వు మంగళవారం’ అని అర్థం. నిష్ఠ ఆరంభించే ముందు తృప్తిగా భుజించే దినమన్నమాట. న్యూ ఆర్లియన్స్ వీధులలో రథాల ఊరేగింపులు జగత్ప్రసిద్ధం. వాటి చిత్రాలు అందరూ చూసినవే. పల్లెలలోని మార్డీ గ్రా అంతకంటె ఆసక్తికరం. మామూ, యూనిస్ వంటి ఊళ్లలో యువకులు ముఖాలకు ముసుగులు, తలలకు నిక్కపొడుచుకొన్న టోపీలు ధరించి, గుర్రాలమీద ఇంటింటికి వెళ్తారు. వారి నాయకుడు ఒక్కడే ముసుగు లేకుండా తెల్లజెండా పట్టుకొని ముందు వెళ్లి, గృహస్థు అనుమతి అడుగుతాడు. అనుమతి లభిస్తే ఆడి, పాడి, గంబోకు కావలసిన బియ్యం, సాసేజిలు యాచిస్తారు. గృహస్థు కోడిని గాలిలోకి విసరుతాడు. దానిని తరిమి పట్టుకోవడం పెద్ద ప్రహసనం. పగటివేషాలను చూసినవారికి ఈ యాచనలోని వినోదం వేరే వివరించనక్కరలేదు. సాయంత్రం ఊరంతా కలిసి ఆ సంభారాలతో గంబో వండుకొని తింటారు. అర్ధరాత్రికి ఆట ముగిసితీరాలి. మరునాటి ఉదయం చర్చిలో నుదుట బూడిద పెట్టించుకొంటారు.

2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను వచ్చి, కరకట్టలు తెగి, న్యూ ఆర్లియన్స్‌లో సుమారు 80 శాతం నీట మునిగింది. ఇండ్లు బూజుపట్టి ఉండగా, బంధువులు ఎక్కడెక్కడో తలదాచుకొని ఉండగా, మరుసటి ఫిబ్రవరిలో మార్డీ గ్రా జరపడం తగునా అని వాదోపవాదాలు సాగాయి. జరిపారు. కూలిన కప్పులమీద కప్పిన నీలి టార్పాలిన్ పట్టలతోనే కొందరు వేషాలు కుట్టించుకొన్నారు. చావును సైతం వాద్యాలతో సాగనంపే నగరమది. శ్మశానానికి వెళ్లేటప్పుడు బాకావాద్య బృందం మందగతిలో శోకగీతాలు వాయిస్తుంది. సమాధి అయిన తర్వాత అదే బృందం ఉల్లాసగీతం అందుకొంటుంది. దారినపోయేవారు కూడా గొడుగులు, చేతిరుమాళ్లు ఊపుతూ వెంట నడుస్తారు.

ఈ సందడినడుమ ఒకటి మాత్రం క్రమంగా సన్నగిల్లిపోయింది. అది భాష. 1921 నాటి రాష్ట్ర రాజ్యాంగం పాఠశాలల్లో బోధన ఇంగ్లీషులోనే జరగాలన్నది. ఇంటిలో ఫ్రెంచి తప్ప మరొకటి వినని పసివారు బడిలో అడుగుపెట్టి, మరుగుదొడ్డికి వెళ్లాలని అడగడానికి మాట తెలియక సిగ్గుపాలైన సంఘటనలను ఆ తరంవారు వృద్ధాప్యంలో కూడా తలచుకొని బాధపడ్డారు. బడి ఆవరణలో ఫ్రెంచి మాట్లాడనని వందలసార్లు వ్రాయించడం, మోకాళ్లమీద నిలబెట్టడం నాటి శిక్షలు. ఆ శిక్షలు అనుభవించినవారు తల్లిదండ్రులైనప్పుడు తమ పిల్లలతో ఫ్రెంచిలో మాట్లాడడం మానుకొన్నారు. పిల్లలకు ఆ అవమానం కలగకూడదన్నదే వారి ఉద్దేశం. విచిత్రమేమంటే, రెండవ ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్లిన కేజన్ సైనికులకు ఆ భాషే దుబాసి పనికి అక్కరకు వచ్చింది.

పల్లెలలో ప్రార్థనలతో రోగాలు నయం చేసే త్రెతర్‌లు అనేవారున్నారు. వారికి రుసుము ఇవ్వరాదు. కనీసం కృతజ్ఞతలు చెప్పడం కూడా నిషిద్ధం. వారి ప్రార్థనలు ఎక్కువగా ఫ్రెంచిలో, ఒకరినుండి మరొకరికి రహస్యంగా సంక్రమించేవి. వారసునికి భాష రాకపోతే ప్రార్థన అక్కడితో ఆగిపోతుంది. వంటింటి మాటలు, బజారు మాటలు కొన్ని మాత్రం ఇంగ్లీషులో కలిసి బ్రతికాయి. వాటిలో లాన్యాప్ ఒకటి. దక్షిణ అమెరికా ఆదివాసుల కెచువా భాషలో పుట్టి, స్పానిషు మీదుగా, ఫ్రెంచి వేషంలో ఇక్కడికి చేరిన మాట అది. సరుకు కొన్నవారికి అంగడివాడు అదనంగా ఇచ్చేదానికి ఆ పేరు. ఇంగ్లీషులో దీనికి సరియైన పదం దొరకక అవస్థపడతారు. మనకు ఆ అవస్థ లేదు. కొసరు అంటే సరిపోతుంది.

1968లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్రెంచి భాషాభివృద్ధికి ఒక మండలిని ఏర్పరచింది. నేడు కొన్ని పాఠశాలల్లో లెక్కలు, విజ్ఞానశాస్త్రం కూడా ఫ్రెంచిలో బోధిస్తున్నారు. తాతలు శిక్షలు పొందిన చోటనే మనుమలు ఆ భాష నేర్చుకొంటున్నారు. 1755 నాటి బహిష్కరణను బ్రిటిష్ రాచరికం అంగీకరించాలని 1990లో వారెన్ పెరిన్ అనే లూసియానా న్యాయవాది వినతిపత్రం సమర్పించాడు. 2003లో ఎలిజబెత్ రాణి పేరిట కెనడాలో ఒక ప్రకటన వెలువడింది. ఆ బహిష్కరణ జరిగిన సంగతిని, దానివలన కలిగిన కష్టాలను అది గుర్తించింది. 2005 నుండి ఏటా జూలై 28ని స్మారకదినంగా నిర్ణయించింది.

మన తీరంతో లూసియానాకు ఒక చిక్కైన సంబంధం ఉన్నది. భారతదేశం ఎగుమతి చేసే రొయ్యలలో అధికభాగం ఆంధ్రప్రదేశ్ చెరువులలో పెరిగినవే. వాటికి అమెరికా ప్రధానమైన విపణి. దిగుమతి సరుకువల్ల తమ పట్టుకు ధర పడిపోయిందని లూసియానా జాలరుల ఫిర్యాదు. 2005లో అమెరికా భారతదేశపు రొయ్యలమీద, మరికొన్ని దేశాల రొయ్యలమీద అదనపు సుంకం విధించింది. 2019లో చేసిన లూసియానా శాసనం ప్రకారం, దిగుమతి అయిన రొయ్యలు వడ్డించే భోజనశాలవారు ఆ సంగతిని తినేవారికి తెలియజేయాలి. భీమవరం రైతుకూ బ్రతుకుతెరువే, అక్కడి జాలరికీ బ్రతుకుతెరువే. తప్పు ఎవరిదని తేల్చడం అంత సులభం కాదు.

ఆ జాలరుల కాలిక్రింది నేల సైతం తరిగిపోతున్నది. నదికి కట్టలు కట్టి ఒండ్రుమట్టిని అడ్డుకోవడం, చమురు సంస్థలు చిత్తడినేలలలో కాలువలు త్రవ్వడం, సముద్రమట్టం పెరగడం కారణంగా 1930ల నుండి సుమారు అయిదువేల చదరపు కిలోమీటర్ల తీరభూమి నీటిపాలైంది. ఫ్రెంచి మాట్లాడే ఆదివాసులు నివసించిన ఐల్ ద జాన్ చార్లెస్ అనే దీవిలో 1955 తర్వాత 98 శాతం నేల కరిగిపోయింది. వారిని తరలించడానికి 2016లో కేంద్రప్రభుత్వం నాలుగుకోట్ల ఎనభై లక్షల డాలర్లు మంజూరు చేసింది. 2022లో కుటుంబాలు ఉత్తరాన కట్టిన కొత్త ఇండ్లలోకి మారాయి. దీవిలో మిగిలిన నేలమీద మాత్రం తమ హక్కును వారు వదులుకోలేదు.