బ్యాటింగ్ రాని రోజు పిల్లవాడు నేర్చేదేమిటి?

సమస్య: పదకొండేళ్ల అబ్బాయి ఏడాదిగా క్రికెట్ కోచింగ్‌కు వెళుతున్నాడు. మ్యాచ్‌లలో అతణ్ని పదో స్థానంలో దింపుతున్నారు. చాలాసార్లు బ్యాటింగే రాదు, బౌలింగూ ఇవ్వరు. ఎండలో నిలబడి బంతులు ఏరుకురావడానికి ఫీజు దండగని తండ్రి పట్టు. మానేది లేదని అబ్బాయి మొండికేత. మధ్యలో నలిగిపోతున్న తల్లి ప్రశ్న: పరుగులే చేయకపోతే ఈ ఆటతో పిల్లవాడికి ఒరిగేదేమిటి?

సలహా: బంతిని కొట్టేది ఒక్కరే అయినా మైదానంలో ఉన్న పదమూడు మందీ ఆ బంతికి కదలాలి. కవర్స్‌లోని పిల్లవాడు బంతి అందుకుని కీపర్‌కు విసిరితే, గురి తప్పినప్పుడు అది బౌండరీ దాకా పోవచ్చు. స్క్వేర్ లెగ్‌లో ఉన్నవాడు ముందే పరిగెత్తి కీపర్ వెనక కాపు కాస్తే నాలుగు పరుగులు మిగులుతాయి. స్కోరుబుక్కులో అతని పేరు మాత్రం ఎక్కదు. సాటివాడి పొరపాటుకు జట్టు నష్టపోకుండా చూసే ఈ అలవాటు పాఠం చెబితే అబ్బేది కాదు, వందలసార్లు పరిగెత్తితేనే వస్తుంది.

పరుగు కోసం పిలవడం ఇంకా గట్టి చదువు. ‘యెస్’, ‘నో’, ‘వెయిట్’ - ఉన్నవి మూడే మాటలు. బంతి ముందుకు పోతే కొట్టినవాడు, వెనక్కి పోతే నాన్‌స్ట్రైకర్ పిలవాలి. అవతలివాడి మాట నమ్మి, వెనక్కి చూడకుండా పరిగెత్తాలి. తటపటాయిస్తే రనౌటే. ఇంట్లో నోరు విప్పని పిల్లలు సైతం ఇక్కడ గొంతెత్తక తప్పదు.

పదో స్థానం చిన్నతనమేమీ కాదు. 2010 మొహాలీ టెస్టులో ఆస్ట్రేలియాపై 216 పరుగుల లక్ష్యానికి భారత్ 124కే 8 వికెట్లు పోగొట్టుకుంది. వెన్నునొప్పితో ఆడుతున్న మన వి.వి.ఎస్. లక్ష్మణ్‌కు పదో స్థానంలో వచ్చిన ఇషాంత్ శర్మ తోడు నిలిచాడు. అతను చేసింది 31. ఆ జోడీ కలిపింది 81. భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది.

అయితే తండ్రి కోపంలోనూ న్యాయముంది. పదకొండేళ్లకే ‘వీడు ఫీల్డర్’ అని ముద్ర వేయడం అన్యాయం. ఆ వయసులో ముందు పొడుగెదిగినవాడే గట్టిగా కొడతాడు, అంతమాత్రాన రెండేళ్ల తర్వాతా వాడిదే పైచేయి అనుకోవడానికి లేదు. నెట్స్‌లో ప్రతి పిల్లవాడికీ బ్యాటు, బంతి దక్కుతున్నాయా, ప్రాక్టీసు మ్యాచ్‌లలో బ్యాటింగ్ వరస మారుస్తున్నారా, ఫీల్డింగ్ నేర్పుతున్నారా లేక ఊరికే నిలబెడుతున్నారా - కోచ్‌ను అడగవలసినవి ఇవి. అబ్బాయి ముందు కాకుండా విడిగా అడగడం మేలు. సరైన జవాబు రాకపోతే మార్చవలసింది కోచింగ్ సెంటర్‌ను. ఆటను మాన్పించనక్కర్లేదు.