మిగులు ఆహారంతో సామూహిక భోజనం: మిలాన్ అనుభవం, విస్తరణకు పాఠాలు

ప్రపంచంలో పంట కోత మొదలు చిల్లర విక్రయానికి చేరేలోపు సుమారు 13 శాతం ఆహారం నష్టమవుతున్నదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. ఆ తరువాతి దశలో, అనగా దుకాణాలు, హోటళ్లు, గృహాలలో, 2022లో 105 కోట్ల టన్నులు వృథా అయినట్లు ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక తెలిపింది. ఇందులో 60 శాతం గృహాల వాటా. ఆహారంతో పాటు దానిని పండించిన నీరు, ఎరువు, శ్రమ కూడా వృథా అవుతున్నాయి. ఈ మిగులును తిరిగి మనిషి విస్తరిలోకి చేర్చే మార్గాలలో సామూహిక భోజనశాల ఒకటి.

మిలాన్ నమూనా

2015లో ఇటలీలోని మిలాన్ నగరంలో ఆహారం ప్రధానాంశంగా ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ సందర్భంగా ప్రముఖ పాకశాస్త్ర నిపుణుడు మాస్సిమో బొట్టూరా, కారిటాస్ అంబ్రోసియానా సంస్థ కలిసి గ్రెకో ప్రాంతంలోని పాత నాటకశాలను 'రెఫెట్టోరియో అంబ్రోసియానో' అనే భోజనశాలగా మార్చారు. ప్రదర్శనలో మిగిలిన పదార్థాలతో వివిధ దేశాల వంటవారు నిరాశ్రయులకు భోజనం వండిపెట్టారు. అనంతరం రియో, లండన్, పారిస్ నగరాలలోనూ ఇటువంటి భోజనశాలలు ఏర్పడ్డాయి.

ఇక్కడ అన్నార్తులు పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడనవసరం లేదు. వారు అతిథులుగా బల్ల వద్ద కూర్చుంటే స్వచ్ఛంద సేవకులు వడ్డిస్తారు. మిగిలినది పేదవానికి పడవేయుట వేరు, మిగిలిన దినుసుతో వండి పిలిచి పెట్టుట వేరు. నమూనా విలువ ఈ భేదంలోనే ఉన్నది.

పని విధానం

సాధారణ వంటశాలలో ముందు వంటకాన్ని నిర్ణయించి, పిదప సరుకు కొంటారు. ఇక్కడ వచ్చిన సరుకే వంటకాన్ని నిర్ణయిస్తుంది. ఎండిన రొట్టె పొడిగా మారి మరొక వంటలో చేరుతుంది. బాగా మాగిన అరటిపండ్లు ఐస్‌క్రీమ్ అవుతాయి. కావున రోజువారీ గ్రేడింగ్, శీతల నిల్వ, నైపుణ్యం గల వంటవారు తప్పనిసరి.

ఆహార భద్రత

పచ్చి సరుకును సేకరించి తాజాగా వండటం, వండిన ఆహారాన్ని సేకరించి పంచటం కంటే సురక్షితం. 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా వృద్ధి చెందుతాయి. బాసిల్లస్ సీరియస్ సిద్ధబీజాలు అన్నం ఉడికినా నశించవు. అన్నం గది ఉష్ణోగ్రతలో నిలిచినపుడు అవి మొలకెత్తి విషపదార్థాన్ని ఉత్పత్తి చేయగలవు. వాంతులు కలిగించే ఆ విషం తిరిగి వేడిచేసినా పోదు. కల్యాణ మండపాలలో గంటల తరబడి ఉన్న అన్నాన్ని సేకరించేవారు ఈ విషయాన్ని గుర్తించాలి.

చట్టపరమైన ఆధారం

ఇటలీ 2016లో చేసిన 166వ చట్టం మిగులు ఆహార దానాన్ని సులభతరం చేసింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ కూడా మిగులు ఆహార సేకరణ, పంపిణీకి 2019లో నిబంధనలు జారీ చేసింది.

మన ప్రాంతానికి అన్వయం

ధర పతనమైనపుడు మదనపల్లె వంటి మార్కెట్లలో రైతులు టమాటాను పారబోయటం తెలిసినదే. కోత కూలి, రవాణా ఖర్చు కూడా రాని ధరలో పంట చేనులోనే మిగిలిపోతుంది. కావున సేకరించిన టమాటాకు వెల లేకపోవచ్చును గాని, దానిని కోసి చేర్చటానికి ఖర్చు ఉన్నది. ఆ భారం రైతుపై పడితే అది సహాయం కాదు. లారీల కొద్దీ వచ్చే పంటను ఒక వంటశాల వినియోగించలేదు. గుజ్జు తయారీ, శీతల గిడ్డంగులకు ఇది ప్రత్యామ్నాయం కాజాలదు. రైతు బజార్లు, వసతి గృహాల వంటశాలలు, స్వచ్ఛంద సంస్థలను అనుసంధానించి చిన్న పరిమాణంలో ఆరంభించటం ఆచరణీయం.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినవి:

1. వారంలో ఏ రోజు, ఏ పంట, ఎంత మిగులుతున్నదో నమోదు చేయాలి.
2. కోత, రవాణా ఖర్చు ఎవరు భరిస్తారో ముందుగా నిర్ణయించాలి.
3. సేకరణ సమయం, ఉష్ణోగ్రత వ్రాతపూర్వకంగా ఉండాలి.
4. తినదగనిది పశువుల మేతకు, అదీ కానిది కంపోస్టుకు చేరాలి.

ముగింపు

వృథాను మూలంలోనే తగ్గించటం ప్రథమ కర్తవ్యం. మిగులు ఎంత పంచినా ఆకలికి శాశ్వత పరిష్కారం కాదు, ఆ బాధ్యత ప్రజా పంపిణీ వ్యవస్థది, ఉపాధిది. అయినను, అనివార్యంగా మిగిలిన పంట చెత్తకుప్పకు చేరేలోపు గౌరవంగా ఒక పంక్తిలో వడ్డించబడితే, రైతు శ్రమకు, తినేవాని ఆత్మాభిమానానికి కూడా న్యాయం జరుగుతుంది.