నీరు ఎటు పోతుంది, అమ్మడూ?

మనవరాలు ఇంట్లో ఊసరవెల్లుల్ని పెంచబోతోందన్న కబురు పుదుచ్చేరి దగ్గర మురుంగపాక్కంలో ఉండే చిన్నతాతయ్యకి చేరేసరికి బాగా ముదిరింది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం చేసుకుంటున్న ఆ అమ్మాయి చెప్పింది వేలెడంత జీవుల గురించి. రాజమండ్రిలో వాళ్లమ్మ చెవిన పడేసరికి అవి మూరెడయ్యాయి. యానాం పెద్దత్త ఫోనులో చెప్పేసరికి మంచాల మీద తిరగడం కూడా మొదలుపెట్టాయి. చిన్నతాతయ్య ఎవరికీ ఫోన్ చేయలేదు. కాగితాలు ముందేసుకుని పెద్ద ఉత్తరం రాశారు, పక్కింటి కుర్రాడి చేత ఫొటోలు తీయించి వాట్సాప్‌లో పంపారు. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు గానీ మన ఇంట్లో కబుర్లే ముదురుతాయని మొదటి పేజీలోనే ఒక చురక.

చిన్నతాతయ్యది యానాం. కుర్రతనంలో కడియం నర్సరీల్లో పనిచేశారు, తర్వాత పుదుచ్చేరిలో సర్కారు తోటల కొలువు దొరికింది. 800 కిలోమీటర్లకు పైగా దూరమైనా యానాం వాళ్లకి రాజధాని పుదుచ్చేరే కదా. రిటైరయ్యాక కడలూరు రోడ్డు మీది మురుంగపాక్కంలో, అరియాంకుప్పం ఏటికి దగ్గరగా ఉండిపోయారు. మొక్కలు తప్ప మరో మాట ఎత్తని మనిషి. అందుకే ఊసరవెల్లుల మీద రాసిన ఉత్తరంలో ఊసరవెల్లి కంటే మట్టి ఎక్కువ కనిపిస్తుంది.

అలాగని జంతువు గురించి తెలుసుకోకుండా రాయలేదు. ఆ అమ్మాయి మనసు పడ్డది గడ్డపు పిగ్మీ ఊసరవెల్లి, శాస్త్రనామం రీపెలియాన్ బ్రెవికాడేటస్. టాంజానియా కొండ అడవుల్లో, ఉసంబరా, ఉలుగురు ప్రాంతాల్లో ఉంటుంది. పెద్దదైనా ఎనిమిది సెంటీమీటర్లు దాటడం అరుదు. రంగులు మార్చి మెప్పించే రకం కాదు, ఎండుటాకుల్లో ఎండుటాకై కూర్చుంటుంది. పగలు నేలమీద, చిన్న పొదల్లో తిరిగి, చీకటి పడితే సన్నటి కొమ్మ పట్టుకుని నిద్రపోతుంది. చేతిలోకి తీసుకుంటే ఒళ్లంతా సన్నగా వణికిస్తుంది. "అది ముద్దు చేయడం కాదమ్మా, వదిలెయ్యమని చెప్పడం. చూసుకో, ముట్టుకోకు" అని కింద గీత గీసి మరీ రాశారు.

ఇక నీళ్ల సంగతి. ఉత్తరంలో సగం ఇదే.

మనవరాలు పంపిన బొమ్మలో గాజుపెట్టె అడుగున గులకరాళ్లు, వాటి మీద మట్టి, మట్టిలో ఫెర్న్‌లు, ఫిటోనియా, పాకే మర్రి, ఓ మూల మనీప్లాంటు ఉన్నాయి. మొక్కల ఎంపిక తాతయ్యకి నచ్చింది. గులకరాళ్లు వేశాను కాబట్టి నీరు దిగిపోతుందన్న ఆమె ధీమా మాత్రం నచ్చలేదు. సన్నటి మట్టి కింద రాళ్లు పోస్తే నీరు వెంటనే కిందికి జారదు. పై మట్టి పూర్తిగా తడిసేదాకా దాని సందుల్లోనే పట్టుకుని ఉంటుంది. కుండీకైతే అడుగున చిల్లు ఉంటుంది, గాజుపెట్టెకి అదీ లేదు. రాళ్ల పొర పని నీటిని బయటికి పంపడం కాదు, మిగులు నీటిని వేళ్లకి దూరంగా దాచిపెట్టడం మాత్రమే. ఆ నీరు పెరిగి రాళ్లకీ మట్టికీ మధ్యనుండే జాలీని తాకిందంటే మట్టి మళ్లీ పైకి పీల్చేసుకుంటుంది. వేళ్లకి గాలి అందదు. "నీరు ఎటు పోతుంది, అమ్మడూ? ఇది ఒక్కటి చెప్పు, తర్వాత ఎన్ని ఊసరవెల్లులైనా తెచ్చుకో."

ఇక్కణ్ణుంచి ఆయన కలం 1986 ఆగస్టు మీదికి మళ్లింది. ఆ నెల 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. కింద లంకలన్నీ మునిగాయి. మీ ముత్తాత అరటితోట సంగతి నీకు తెలిసిందే కదా అని ఒక్క వాక్యంలో దాటేసి, వరద తీశాక ఆ తోటలో తాను చూసినది మాత్రం విస్తారంగా రాశారు. చెట్లు నిలబడే ఉన్నాయి, ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఊరంతా బతికాయనుకుంది. ఆయన ఒక పిలక పీకి చూస్తే వేళ్లు నల్లబడి, మురుగు వాసన కొట్టాయి. కొన్నాళ్లకే తోట వాలిపోయింది. అక్కణ్ణుంచి కడియం వెళ్లారు. అక్కడ ఒక పెద్దాయన నీళ్లు పోసే ముందు ప్రతి కుండీనీ ఎత్తి బరువు చూడమనేవాడట. క్రోటన్ కుండీల వరసలో సాయంత్రందాకా అదే పని. తర్వాత ఆ పెద్దాయన కూతురి పెళ్లి, పెళ్లిలో వడ్డించిన పనసకాయ కూర, వంటవాడి కోపం... పేజీ తిప్పితే గానీ గాజుపెట్టె మళ్లీ కనపడదు.

ఈ నీళ్ల విషయంలో తాతయ్య కాస్త అతి చేశారనే చెప్పాలి. సరైన మట్టి మిశ్రమం వాడితే సగం భయం తీరిపోతుంది. అట్లాంటా బొటానికల్ గార్డెన్ పేరుతో ప్రసిద్ధమైన మిశ్రమంలో వృక్ష ఫెర్న్ పీచు, ఆర్కిడ్ బెరడు, బొగ్గు, పీట్, స్ఫాగ్నమ్ నాచు కలుస్తాయి. గరుకుగా ఉండటం వల్ల తేమ నిలుస్తుంది, గాలీ ఆడుతుంది. ఆ జాబితా చదివి ఆయన కూడా కొంత మెత్తబడ్డారు. "ఆర్కిడ్లకి మేమూ బొగ్గు, ఇటుక ముక్కలే వాడాం. అమెరికావాళ్లకీ బుద్ధుంది" అన్నారు. అయినా పట్టు వదల్లేదు. ఒక మూల అడుగుదాకా ప్లాస్టిక్ గొట్టం నిలబెట్టమన్నారు. అందులో నీటిమట్టం కనిపిస్తుంది, ఎక్కువైతే సిరంజితో లాగేయొచ్చు.

గాలి గురించి చెప్పింది తక్కువే అయినా అదే ముఖ్యం. పూర్తిగా మూత బిగించిన గాజుపెట్టె ఇడ్లీపాత్ర అవుతుంది. పిగ్మీలకి తేమ కావాలి, కదలని గాలి పనికిరాదు, దానితో ఊపిరి జబ్బులు వస్తాయి. ముందు తలుపు కింద సన్నటి జాలీ, పైకప్పు జాలీ ఉన్న పెట్టె అయితే వెచ్చటి గాలి పైకి పోతూ కింద నుంచి కొత్తగాలిని లాగుతుంది. పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించాలి, మధ్యలో పై ఆకులు ఆరాలి. వేడి 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే హాయి. వేడి దీపాలు వద్దు, తక్కువ స్థాయి యూవీబీ ట్యూబు చాలు. మే నెల మురుంగపాక్కంలో అయితే ఆ జీవులు ఒక్క మధ్యాహ్నం కూడా తట్టుకోలేవని, ఫ్రిస్కోలో ఏసీ పాడైతే రాత్రి ఎవరికి ఫోన్ చేస్తావో ఇప్పుడే ఆలోచించుకోమని రాశారు. ఆ వెంటనే, "అసలు అర్ధరాత్రి నీకేదైనా అయితే పిలవడానికి దగ్గర్లో ఎవరున్నారే తల్లీ?" అని ఒక వాక్యం. జవాబు కోసం ఆగకుండా మళ్లీ ఆకుల్లోకి వెళ్లిపోయారు.

ఆకులంటే ఎండుటాకులు. పెట్టెలో నేలంతా అవే పరచాలి. వాటి కింద స్ప్రింగ్‌టెయిల్స్, మరుగుజ్జు తెల్ల ఐసోపాడ్‌లు అనే బుల్లి జీవులు కాపురం పెడతాయి. తోటలో కుండీ ఎత్తితే కనిపించే బూడిదరంగు పురుగులకి ఈ ఐసోపాడ్‌లు చుట్టాలు. రెండూ కలిసి బూజునీ పెంటనీ కుళ్లిన ఆకునీ తిని మట్టిగా మారుస్తాయి. ఈ పనివాళ్లు ఉంటేనే దాన్ని బయోయాక్టివ్ పెట్టె అంటారు. నాటుబాదం ఆకులు అక్కడ ప్యాకెట్లలో డాలర్లకి అమ్ముతున్నారని తెలిసి తాతయ్య చాలాసేపు నవ్వుకున్నారట, ఆయన రోజూ చీపురుతో ఊడ్చి పోసేవి అవే మరి. ఒక సంచీడు పంపుదామని కూడా అనుకున్నారు. విదేశీ ఆకులతో పురుగులు వస్తాయని అమెరికా పోర్టుల్లో ఆపేస్తారని తెలిసి మానుకున్నారు. మందు కొట్టని ఓక్, మాగ్నోలియా చెట్ల కింద ఏరుకోమన్నారు.

మొక్కలు నాటిన రోజే జీవుల్ని వదలొద్దన్నది ఆయన గట్టి మాట. పెట్టెలో పెట్టిన కొత్త కట్టెల మీద మొదట తెల్లబూజు పడుతుంది. స్ప్రింగ్‌టెయిల్స్ పెరిగి దాన్ని తినాలి, వేళ్లు పట్టాలి. కనీసం నెల, నెలన్నర ఖాళీ పెట్టెనే చూసుకోవాలి. "నీకు ఓపిక తక్కువ. చిన్నప్పుడు పెసర మొలకల్ని రోజూ తవ్వి చూసేదానివి."

చివరి పేజీలో గొంతు మారింది. ఈ జీవులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలుసుకున్నావా అని అడిగారు. రాంఫోలియాన్, రీపెలియాన్ జాతులు 2016 జోహన్నెస్‌బర్గ్ సమావేశం దాకా అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం రక్షణకు బయటే ఉండేవి. 2017 జనవరి నుంచి రెండో అనుబంధంలో ఉన్నాయి. మలావీలోని చాప్‌మన్ పిగ్మీ ఊసరవెల్లి కథ కూడా రాశారు. కొలిన్ టిల్బరీ 1992లో దానికి శాస్త్రలోకంలో చోటిచ్చారు. అడవి తరిగిపోతోందని 1998లో 37 జీవుల్ని మరో అడవిలో వదిలారు. 2016లో వెతికినప్పుడు ఆ జాతి ఇంకా బతికే ఉంది, కానీ దాని సొంత అడవిలో 80 శాతం దాకా పోయింది. అందుకని అడవిలో పట్టినది వద్దు, పెంపకందారు ఇంట్లో గుడ్డు పగిలి పుట్టినదే కొను, కాగితం అడిగి తీసుకో అన్నారు. ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు సంచిలో పెట్టుకొద్దామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోమన్నారు. మన వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణతో సైటిస్ జీవులు నాలుగో షెడ్యూల్లోకి వచ్చాయి, 2024 నియమాల ప్రకారం ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. చెన్నై విమానాశ్రయంలో బ్యాంకాక్ సామాన్ల నుంచి కస్టమ్స్ వాళ్లు బల్లుల్నీ పాముల్నీ తీస్తున్న వార్త పేపర్లో ఎప్పుడూ ఉండేదే. ఆ ఫొటోల్లో మన ఇంటి పిల్ల కనపడకూడదు.

ఈ జీవులు సాధారణంగా బతికేది రెండు మూడేళ్లేనన్న సంగతిని తాతయ్య మెల్లగా, రెండు సార్లు చెప్పారు. మీ మామయ్య కుందేళ్లు పోయినప్పుడు నువ్వెలా అన్నం మానేశావో నేను మర్చిపోలేదని పక్కన రాసి, ఎందుకో కొట్టేశారు. కొట్టేసినా చదవడానికి వస్తోంది.

చివర్లో ఒక పని అప్పజెప్పారు. ఆదివారం గొట్టం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపాలి. నీటిమట్టం రాళ్ల మీది జాలీకి రెండు సెంటీమీటర్ల కిందికి లేకపోతే జీవుల్ని ఆర్డర్ పెట్టడానికి వీల్లేదు. పైకప్పులో జాలీ ఎంత మేర ఉందో కూడా కొలిచి రాయాలి, అంగుళాల్లో కాకుండా సెంటీమీటర్లలో.