మంచినీళ్లు ఏవి?



త్రాగునీటికి మన భాష పెట్టిన పేరు ‘మంచినీళ్లు’. ఇంట ఉర్దూ మాట్లాడేవారు ‘మీఠా పానీ’ అంటారు. నోటికి వెగటుగా ఉన్న బావినీటిని తెలుగువారు ‘ఉప్పునీళ్లు’ అనీ, ఉర్దూవారు ‘ఖారా పానీ’ అనీ త్రోసిపుచ్చుతారు. రెండు భాషలలోనూ తీర్పు చెప్పేది నాలుకయే. ఆ తీర్పు ఎంతవరకు నమ్మదగినది?

నేను తెలుగు అధ్యాపకుణ్ణి. రసాయనశాస్త్రం నా విషయం కాదు. అయినను ఒక విద్యార్థి వేసిన ప్రశ్న నన్ను ఆ గ్రంథాల వద్దకు నడిపించినది. “సార్, మా ఊరి బోరునీళ్లలో ఫ్లోరైడు ఉందంటున్నారు. మరగబెట్టి త్రాగితే పోదా?” అని అతడడిగాడు.

ముందు కాఠిన్యమంటే ఏమిటో చూద్దాం. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరగి ఉంటే అది కఠినజలం. ఈ నీటిలో సబ్బు రుద్దితే నురుగు రాదు. సబ్బు కాల్షియంతో కలిసి కరగని తెట్టుగా మారిపోతుంది. ఈ లోహాల బైకార్బొనేట్ల వలన కలిగేది తాత్కాలిక కాఠిన్యం. నీటిని మరగిస్తే కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, బొగ్గుపులుసు వాయువు వెలువడి, కాల్షియం కార్బొనేట్ అడుగున పేరుకొంటుంది. కాగులో మీరు చూచే తెల్లని పెచ్చు అదే. సల్ఫేట్లు, క్లోరైడుల వలన కలిగే శాశ్వత కాఠిన్యం మరగించినా పోదు. దానికి చాకలిసోడా కావలెను.

ఇక ఫ్లోరైడు సంగతి. తిరుమల కనుమదారిలో క్వార్ట్‌జైటు పొరల క్రింద అతి ప్రాచీనమైన గ్రానైటు జాతి శిలలున్నవి. మన సీమలో చాలా బోర్లు ఇటువంటి శిలల పగుళ్లలోని నీటినే తోడుతున్నవి. ఈ శిలలలో ఫ్లోరిన్ గల ఖనిజాలున్నచోట, నీరు వాటితో చిరకాలం ఒరసికొని ఉండుటచే ఫ్లోరైడు కొద్దికొద్దిగా కరగుతుంది. మన దేశంలో ఫ్లోరైడు వ్యాధిని తొలిసారి గుర్తించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో, అనగా నేటి ప్రకాశం ప్రాంతంలో. పూర్వపు చిత్తూరు జిల్లాలో కూడ కొన్ని గ్రామాల నీటిలో ఇది హద్దు మించి కనిపించినది.

ఆ హద్దు ఎంత? భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు. కొద్దిపాటి ఫ్లోరైడు దంతాలకు మేలే చేస్తుంది. మితిమీరితే ఎదిగే వయసు పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు పడతాయి. చాలా ఎక్కువ మోతాదులో ఏండ్ల తరబడి త్రాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకొనిపోతాయి. అట్లా వంగిన ఎముకను సరిచేసే మందు లేదు. రాకుండ చూచుకొనుటయే మార్గం.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు వద్దాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల 10 లీటర్ల నీటిలో మొత్తం 15 మిల్లీగ్రాములున్నట్లు. మరగించగా 7.5 లీటర్లు మిగిలినదనుకోండి. ఆవిరైపోయినది నీరే గాని ఫ్లోరైడు కాదు. ఇప్పుడు లీటరుకు 2 మిల్లీగ్రాములు! మరగించుట క్రిములను చంపుతుంది. ఫ్లోరైడును మాత్రం చిక్కబరుస్తుంది.

ఇంకొక వింత. కాల్షియం తక్కువగా ఉండి, సబ్బు చక్కగా నురుగెత్తే నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా నిలువగలదు. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. నీటిలో ఉండే మోతాదులో రుచి కూడ తెలియదు. అంటే నాలుక ‘మంచినీళ్లు’ అని మెచ్చిన నీరే కీడు చేయవచ్చును.

తరుణోపాయం లేకపోలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’లో నీటికి సున్నం, పటిక కలిపి, బాగా త్రిప్పి, మడ్డి పేరుకొన్న తరువాత తేటను వడగడతారు. మోతాదు నీటినిబట్టి మారుతుంది గనుక ఇంట్లో ఊహకొద్దీ పటిక వేయరాదు. వాననీటిలోను, జలాశయాల నీటిలోను ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. కాబట్టి శుభ్రంగా పట్టిన వాననీరు, పూడిక తీసిన ఊరి చెరువు మనకు అండ.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ ఊరి బోరునీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. వచ్చిన అంకెను పంచాయతీ గోడపై నలుగురికీ కనబడేలా వ్రాయించండి. ఆ అంకె చూచిన తరువాతనే ఆ నీటిని మంచినీళ్లని పిలుద్దాం.