రెండోసారి బటన్ నొక్కే ముందు

అనంతపురంలో ఎండాకాలం మిద్దె మీద దండేనికి తడిచీర వేస్తే ఆరడానికి గంట పట్టదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే జిల్లా అది. అక్కడి పొడిగాలికి కరెంటు బిల్లు లేదు, రిపేరు లేదు. ఆ ఊళ్ల పిల్లలే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురం పెట్టి డ్రయ్యర్ వాడతారు. బట్టలు ఇంకా చెమ్మగా ఉంటే ఏం చేస్తారు? మళ్లీ బటన్ నొక్కుతారు.

నేను వద్దనేది ఆ రెండో నొక్కుడునే. పని మందగిస్తే కారణం వెతక్కుండా ఇంకాస్త టైం ఇవ్వడం మనలో చాలామందికి ఉన్న జబ్బు. నెల తిరిగేసరికి అదే మామూలైపోతుంది, ఇంట్లో ఎవరికీ వింతగా తోచదు.

డ్రయ్యర్ వేడిగాలిని బట్టల మధ్య నుంచి తోలి, తేమను నాలుగంగుళాల గొట్టంలోంచి గోడ అవతలికి పంపుతుంది. మిషనులోని పీచు జల్లెడకు చిక్కని నూలుపీచు ఆ గొట్టంలో, ముఖ్యంగా వంపుల దగ్గర, చెరువులో పూడికలా పేరుకుంటుంది. గాలి ఆడక బట్టలు చెమ్మగానే మిగులుతాయి, వేడి లోపలే నిలుస్తుంది. పీచు ఇట్టే అంటుకునే సరుకు. 2008–2010 మధ్య అమెరికా ఇళ్లలో ఏడాదికి సుమారు 2,900 డ్రయ్యర్ మంటలు జరిగాయని అక్కడి ప్రభుత్వ అగ్నిమాపక విభాగం లెక్క. వాటిలో మూడింట ఒక వంతుకు కారణం శుభ్రం చేయకపోవడమే.

జల్లెడలో పీచు ప్రతి లోడుకూ తీసేయండి. సువాసన షీట్లు వాడేవాళ్లయితే జల్లెడ మీద కాసిని నీళ్లు పోసి చూడండి; జారకుండా నిలిస్తే సబ్బు పెట్టి పాత బ్రష్షుతో రుద్దాలి. (దీన్ని పట్టించుకునేవాళ్లు బహు తక్కువ.) గొట్టానికి ఏడాదికోసారి చాలు: ప్లగ్ పీకి, మిషను ముందుకు జరిపి, పొడవాటి బ్రష్షు తిప్పండి. ప్లాస్టిక్ గొట్టం ఉంటే తీసేసి గట్టి లోహపుది వేయించండి. మిషను తిరుగుతుండగా బయటి గోడ దగ్గరికెళ్లి చూస్తే గొట్టం చివరి రెక్క పైకి లేచి ఉండాలి.

గుర్తుంటుందిలే అనుకోవద్దు. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు దీన్నీ కలిపేయండి, ఎవరి వంతో ముందే తేల్చుకోండి. "ఇద్దరం చూద్దాం" అన్న పని ఇద్దరూ చూడరు. గ్యాస్ డ్రయ్యరైతే సొంత ప్రయోగాలు మాని తెలిసిన మెకానిక్‌ను పిలిపించండి. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది. అద్దె ఇల్లయితే ఓనరుకు మొహమాటం లేకుండా ఈమెయిల్ పెట్టండి, పోయినసారి ఎప్పుడు శుభ్రం చేయించారో కూడా అందులోనే అడగండి.