లైఫ్‌రాఫ్ట్‌ను ఎవరు, ఎప్పుడు విప్పి చూడాలి? పడవ యజమానులు తరచూ అడిగే ప్రశ్నలు

పడవ మునిగిపోతున్నప్పుడు ఆఖరి ఆసరా లైఫ్‌రాఫ్ట్. తాడు గట్టిగా గుంజితే సిలిండర్‌లోని గ్యాస్ నిండి, కప్పుతో సహా ఒక తెప్ప విచ్చుకుంటుంది. సరుకు ఓడల మీద, ప్రయాణికుల ఓడల మీద దీని తనిఖీ ఎప్పుడు జరగాలో అంతర్జాతీయ నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. సరదాగా తిరగడానికి కొనుక్కున్న పడవ దగ్గరికొచ్చేసరికి ఆ భారమంతా దాదాపుగా యజమాని నెత్తినే పడుతుంది.

సముద్రపు సెయిలింగ్ ఇప్పుడు మనవాళ్లకు కొత్త సంగతేమీ కాదు. 2017-18లో ‘తారిణి’ తెరచాప పడవ మీద భూగోళాన్ని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. విదేశాల్లో స్థిరపడి పడవ కొనుక్కున్నవాళ్లు, సెలవుల్లో అద్దెకు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. నిబంధనలు దేశానికొక రకంగా ఉంటాయి. సొంత పడవల సంప్రదాయం బలంగా ఉన్న బ్రిటన్‌ను ఆధారంగా తీసుకుని ఈ జవాబులు రాస్తున్నాం.

నా పడవలో లైఫ్‌రాఫ్ట్ ఉండి తీరాలని చట్టం అంటుందా?

బ్రిటన్‌లో అది పడవ పొడవును బట్టి ఉంటుంది. 13.7 మీటర్ల లోపు సొంత విహార పడవకు లైఫ్‌రాఫ్ట్ తప్పనిసరి కాదు. ఆ పొడవు, అంతకు మించి ఉన్న పడవలకు ప్రాణరక్షణ సామగ్రి నిబంధనలు వర్తిస్తాయి. తీరం నుంచి ఎంత దూరం వెళ్తారన్నదాన్ని బట్టి లైఫ్‌రాఫ్ట్ కూడా వాటిలోకి వస్తుంది. ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. అక్కడ పొడవు కన్నా దూరం ముఖ్యం: ఆశ్రయం దొరికే తీరానికి 6 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 11 కిలోమీటర్లు దాటి వెళ్లే విహార పడవలో లైఫ్‌రాఫ్ట్ ఉండాల్సిందే. అమెరికా ఫెడరల్ చట్టం విహార పడవలను ఆ మాట అడగదు.

మా అభిప్రాయంలో ఫ్రాన్స్ పద్ధతే సబబు. చల్లటి నీళ్లలో మనిషి ఎంతసేపు తట్టుకుంటాడన్నది పడవ పొడవును బట్టి మారదు. చట్టం అడగలేదు కదా అని దూర ప్రయాణానికి రాఫ్ట్ లేకుండా బయల్దేరకండి.

స్నేహితులు ఖర్చులో వాటా ఇస్తే అది ఇంకా ‘సొంత విహారమే’నా?

ఆ ప్రయాణానికి నేరుగా అయ్యే ఖర్చు, అంటే ఇంధనం, హార్బర్ రుసుము లాంటివి పంచుకుంటే సొంత విహారమే. అంతకు మించి ఒక్క పౌండు చేతులు మారినా అది వ్యాపారం కిందికి వస్తుంది. అప్పుడు అద్దె పడవలకుండే నిబంధనలు వర్తిస్తాయి. లైఫ్‌రాఫ్ట్, దాని సర్వీసింగ్ రికార్డు రెండూ తనిఖీకి వస్తాయి. మీరే అద్దెకు తీసుకుంటున్నట్లయితే డబ్బు కట్టే ముందే ఆ కాగితం చూపించమనండి. అలా అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఎన్నేళ్లకోసారి సర్వీసింగ్ చేయించాలి?

అంతర్జాతీయ ‘సోలాస్’ నిబంధనల ప్రకారం ఓడల మీద వాడే రాఫ్ట్‌లకు ఏడాదికోసారి. అనివార్యమైతే ఆ గడువును 17 నెలల దాకా పొడిగించుకోవచ్చు. సొంత పడవల కోసం చేసే ఐఎస్ఓ 9650 రకాలకు తయారీదారు చెప్పిన గడువే ప్రమాణం. అది సాధారణంగా మూడేళ్లు. రాఫ్ట్ పాతబడేకొద్దీ చాలా కంపెనీలు ఆ గడువును ఏడాదికి కుదిస్తాయి. గడువు తేదీ సర్టిఫికెట్ మీద, రాఫ్ట్‌ను ఉంచే డబ్బా లేదా సంచీ మీది స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. రేసుల్లో పాల్గొనేవాళ్లకు ‘వరల్డ్ సెయిలింగ్’ నిబంధనలు వేరుగా ఉన్నాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

మూడేళ్లన్నది గరిష్ఠ గడువు. డబ్బా పగిలినా, పడవ మీదికి పెద్ద అల ఎక్కి సంచీలోకి నీళ్లు చేరినా, రాఫ్ట్ ఎత్తు నుంచి కింద పడినా తేదీ కోసం ఎదురుచూడకండి.

ఒక్కసారి కూడా వాడలేదు, సీలు కూడా అలాగే ఉంది. ఎందుకు విప్పాలి?

అందరికీ వచ్చే సందేహమే ఇది. వాడకపోయినా లోపల కాలం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. రాఫ్ట్‌ను మడతపెట్టి, బిగించి, ఇరికించి పెడతారు. పడవ ఇంజిన్ అదురుకు ఆ మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. అతుకుల దగ్గర జిగురు ఊడుతుంది. ఉప్పుతేమ చేరితే సిలిండర్ తుప్పు పడుతుంది. గ్యాస్ కొద్దికొద్దిగా కారిపోతే బయటినుంచి ఏ గుర్తూ కనిపించదు.

సర్వీస్ స్టేషన్‌లో జరగాల్సిన పని ఇదీ. ముందు రాఫ్ట్‌ను విప్పి, మామూలు గాలితో ఉబ్బించి, కొన్ని గంటలపాటు అలా వదిలేసి ఒత్తిడి ఎంత తగ్గిందో చూస్తారు. అదనపు గాలిని వదిలే వాల్వులను పరీక్షిస్తారు. అడుగుభాగం అతుకులు, కప్పు, ఎక్కడానికి ఉండే నిచ్చెన, బోల్తా పడకుండా కింద వేలాడే నీటి సంచులు, సీ యాంకర్, అన్నీ చూస్తారు. సిలిండర్‌ను తూకం వేస్తారు. కార్బన్ డయాక్సైడ్ తగ్గిందో లేదో తేల్చేది ఆ తూకమే. దాని మీద కొట్టిన అంకెకూ, త్రాసు చూపే అంకెకూ తేడా ఉండకూడదు. లైట్ల బ్యాటరీలు, ఆపద సంకేతమిచ్చే ఫ్లేర్లు, తాగునీరు, మందుల్లో గడువు తీరినవి మారుస్తారు. పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ మడిచి ప్యాక్ చేస్తారు. ఆరకుండా మడిచిన రాఫ్ట్ వచ్చే మూడేళ్లూ లోపల చెడుతూనే ఉంటుంది. అందుకే ఈ చివరి పనికి తొందరపెట్టే చోటికి వెళ్లకండి.

సర్వీసింగ్ జరుగుతున్నప్పుడు నేను అక్కడ ఉండొచ్చా?

ఉండనివ్వాలని చట్టంలో విడిగా రాసి లేదు. కానీ మంచి సర్వీస్ స్టేషన్లు కాదనవు, చాలాచోట్ల పిలిచి మరీ చూపిస్తారు. బుక్ చేసేటప్పుడే అడగండి. కుదరదంటే మరో చోటు చూసుకోండి. ఈ విషయంలో మేం కాస్త పట్టుదలగానే ఉన్నాం. ఎందుకంటే మీ ఇంట్లో మరే వస్తువునూ మీరు ఇంత గుడ్డిగా నమ్మరు. కొన్న రోజు నుంచి ఆపద వచ్చిన రోజు దాకా దాన్ని తెరిచి చూసే వీలే యజమానికి ఉండదు. సర్వీసింగ్ జరిగే ఆ ఒక్క రోజు వెళ్తే ఉబ్బిన రాఫ్ట్ ఎంత ఉంటుందో, కత్తి ఎక్కడుందో, గాలి కొట్టే గొట్టం ఎక్కడ బిగించాలో పిల్లలకు కూడా తెలుస్తుంది. చీకట్లో, వానలో, మొదటిసారి చూసి నేర్చుకునే సంగతులు కావవి.

వెళ్లే ముందు ఆ స్టేషన్‌కు మీ రాఫ్ట్ తయారు చేసిన కంపెనీ అనుమతి ఉందో లేదో కంపెనీనే అడిగి తెలుసుకోండి. ఒక కంపెనీ రాఫ్ట్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన అన్ని కంపెనీలవీ చేయగలరని కాదు.

రాఫ్ట్‌ను పడవలో ఎక్కడ పెట్టాలి? నీళ్లలో మునిగితే దానంతటదే విడిపోయే పరికరం పెట్టించాను, సరిపోతుందా?

రేసు నిబంధనల్లో మంచి కొలమానం ఒకటుంది: రాఫ్ట్‌ను 15 సెకన్లలోపు అంచుకు చేర్చగలగాలి, లేదా నీళ్లలోకి వదలగలగాలి. సంచీలో ఉండే రకాన్ని డెక్ మీద వదిలేయకూడదు, అది ఎండావానలకు ఆగదు. పొడిగా ఉండి, చటుక్కున అందే అరలో పెట్టాలి. దాని మీద లంగరు గొలుసులు, కుర్చీలు పేర్చకండి. గట్టి డబ్బాలో ఉండే రకానికి అడుగున నీరు కారే రంధ్రాలుంటాయి. వాటిని పైకి తిప్పి బిగించినా, రంగువేసి మూసేసినా నీళ్లు లోపలే నిలుస్తాయి. డబ్బా మీద ఎక్కి నిలబడడం, ప్రెషర్ వాషర్‌తో కడగడం కూడా చేయొద్దు.

ఇక ఆ పరికరం. హైడ్రోస్టాటిక్ రిలీజ్ అంటారు. నాలుగు మీటర్ల లోతుకు చేరేలోపు నీటి ఒత్తిడికి లోపలి కత్తి కదిలి, రాఫ్ట్‌ను కట్టి ఉంచిన పట్టీని విడిపిస్తుంది. ఎక్కువమంది వాడే హామర్ హెచ్20 రకం ఆయుష్షు రెండేళ్లు, ఆ తర్వాత మార్చేయాలి.

తరచూ జరిగే పొరపాటు తాడు కట్టడంలో ఉంది. రాఫ్ట్ నుంచి వచ్చే తాడును తిన్నగా డెక్‌కు గట్టిగా కట్టేస్తారు. పడవ మునిగితే పైకి తేలిన రాఫ్ట్‌ను కూడా అదే తాడు అడుక్కి లాక్కెళ్తుంది. రాఫ్ట్ తాడును పరికరంలోని ‘వీక్ లింక్’కు తగిలించాలి. ఆ లింక్ మరోవైపు డెక్ మీది బలమైన కొక్కేనికి కట్టి ఉండాలి. పడవ మునుగుతూ తాడును లాగితే ముందు రాఫ్ట్ ఉబ్బుతుంది, ఆ తర్వాత లింక్ తెగి రాఫ్ట్ విడిపోతుంది. ఇవాళే వెళ్లి మీ పడవలో ఎలా కట్టి ఉందో చూడండి.

ఈ పరికరానికీ ఒక పరిమితి ఉంది. తలకిందులైన పడవ లోపల గాలి నిలిచి, నాలుగు మీటర్ల లోతుకు మునగకపోవచ్చు. అప్పుడిది పని చేయదు. 2014 మేలో అట్లాంటిక్ మధ్యలో ‘చీకీ రఫీకి’ అనే సెయిల్ బోట్ అడుగున ఉండే బరువైన కీల్ ఊడిపోయి బోల్తా పడింది. నలుగురు చనిపోయారు. తలకిందులుగా తేలుతున్న ఆ పడవ దొరికేసరికి లైఫ్‌రాఫ్ట్ తన చోటులోనే ఉంది. బోల్తా పడిన పడవలో కూడా చేయి అందేచోటు ఏదో ఆలోచించి పెట్టమని చెప్పడానికే దీన్ని గుర్తుచేస్తున్నాం.

సర్వీసింగ్ సరిగా చేయలేదని తెలిస్తే నాకున్న హక్కులేమిటి?

బ్రిటన్‌లో 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే ఏ సేవనైనా తగిన జాగ్రత్తతో, నైపుణ్యంతో చేయాలి. అలా చేయకపోతే అదనపు ఖర్చు లేకుండా మళ్లీ చేయించుకునే హక్కు మీకుంది. అది వీలుకాకపోయినా, తగిన సమయంలో జరగకపోయినా రుసుములో కోత అడగవచ్చు. మీరు నమ్మి నిర్ణయం తీసుకునేలా వాళ్లు చెప్పిన మాట కూడా ఒప్పందంలో భాగమే. కాబట్టి ఫోన్‌లో చెప్పినదాన్ని ఈమెయిల్‌లో కూడా రాయించుకోండి.

రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘ఏ నష్టానికీ మాది బాధ్యత కాదు’ అని ఉంటే భయపడకండి. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయినా, గాయపడినా ఆ బాధ్యత నుంచి తప్పించుకునే షరతు చెల్లదని అదే చట్టం చెబుతోంది. మార్చిన వస్తువుల జాబితా, సిలిండర్ తూకం, ఒత్తిడి పరీక్ష ఫలితం రాసిన నివేదిక అడిగి తీసుకోండి. గొడవ వస్తే మీ చేతిలో ఉండాల్సిన ఆధారం అదే.

వాడిన రాఫ్ట్ కొనవచ్చా?

దుకాణంలో కొంటే పైన చెప్పిన చట్టం అండగా ఉంటుంది. వస్తువులో లోపం ఉంటే 30 రోజుల్లో తిప్పి ఇచ్చేసే హక్కు కూడా ఉంది. ఒక వ్యక్తి దగ్గర కొంటే ఆ రక్షణ చాలా తక్కువ. వస్తువు వాళ్లు వర్ణించినట్టు ఉండాలి, అంతే. కాబట్టి సర్వీస్ స్టేషన్‌లో పాసైతేనే డబ్బు ఇస్తానని ముందే రాసుకోండి. పాత రాఫ్ట్‌కు విడిభాగాలు దొరక్కపోతే సర్వీసింగ్ చేయలేమని తిప్పి పంపేస్తారు. చౌకగా వచ్చిందనుకున్నది అప్పుడు పూర్తిగా దండగ.

ప్రమాదంలో రాఫ్ట్‌లోకి ఎప్పుడు ఎక్కాలి?

పడవ మునిగిపోతోందని ఖాయమయ్యాక, లేదా మంటలు అదుపు తప్పాక. అంతకుముందు కాదు. 1979 ఆగస్టులో ఫాస్ట్‌నెట్ అనే తెరచాప పడవల రేసును తుపాను ముంచెత్తినప్పుడు 15 మంది పోటీదారులు చనిపోయారు. జనం వదిలేసి వెళ్లిన 24 పడవల్లో మునిగినవి అయిదే. తక్కిన 19 తర్వాత తేలుతూ దొరికాయి. ‘ట్రోఫీ’ అనే పడవ సిబ్బంది ఎక్కిన రాఫ్ట్ అలల్లో రెండు ముక్కలైంది. ఎంత బాగా సర్వీస్ చేసినా పడవ ఇచ్చే రక్షణ రాఫ్ట్ ఇవ్వలేదు.

గోదావరి పడవలకు ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తించవు. నదిలో ముఖ్యమైనది ఒంటి మీది లైఫ్‌జాకెట్. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన ఘోరం తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. ఇప్పుడు మన దేశంలో నదీ ప్రయాణ పడవలకు 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ఉంది. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ చూపించమని ఎక్కే ముందు అడగండి, జాకెట్ బిగించుకుని కూర్చోండి.

రాఫ్ట్‌ను పార్సిల్‌లో పంపవచ్చా? పాత ఫ్లేర్లను ఏం చేయాలి?

లోపల గ్యాస్ సిలిండర్, ఫ్లేర్లు ఉంటాయి కాబట్టి రవాణా నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర సరుకు. దీనికి యూఎన్ 2990 అనే నంబరు ఉంది. కొరియర్ వాళ్లకు ఆ మాట చెప్పకుండా మామూలు పెట్టెలా పంపడం నేరం. వీలైతే సొంత కారులో మీరే తీసుకెళ్లండి. గడువు తీరిన ఫ్లేర్లను చెత్తబుట్టలో వేయకూడదు, సముద్రంలో పారేయకూడదు, పండగకు కాల్చకూడదు. ఆపద లేకుండా ఆపద సంకేతం ఇవ్వడం చట్టరీత్యా నేరం. కొత్తవి అమ్మిన దుకాణం గానీ, సర్వీస్ స్టేషన్ గానీ పాతవి వెనక్కి తీసుకుంటుందేమో అడగండి. ఒకప్పుడు బ్రిటన్‌లో కోస్ట్‌గార్డ్ కేంద్రాలు కూడా వాటిని తీసుకునేవి, ఇప్పుడు ఆ పద్ధతి లేదు.