అంగారకుడి రాయి – మనం నేర్చుకోవలసిన పాఠం



2025 జులై 16న న్యూయార్క్‌లో సదబీస్ సంస్థ జరిపిన వేలంలో ఒక రాయి 53 లక్షల డాలర్లకు, అంటే సుమారు 45 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. బరువు 24.67 కిలోలు. 2023 నవంబరులో ఆఫ్రికాలోని నైజర్ దేశపు ఎడారిలో దొరికింది. భూమ్మీద దొరికిన అంగారక శిలల్లో ఇదే అతి పెద్దది. అంగారకుడి మీద మనిషి కాలు పెట్టలేదు, అక్కడి రాయిని ఏ నౌకా తేలేదు. మరి ఇది అక్కడిదేనని ఎలా చెప్పారు? పీజీలో భూగర్భశాస్త్రం చదివిన మేము ఆ సంగతే ఇక్కడ వివరిస్తాం.

రాయి ఎలా వచ్చింది?

పెద్ద గ్రహశకలం అంగారకుణ్ణి ఢీకొంటే అక్కడి రాళ్ళు ఎగిరిపడతాయి. సెకనుకు 5 కిలోమీటర్లకు మించిన వేగంతో లేచినవి ఆ గ్రహం ఆకర్షణను దాటిపోతాయి. లక్షల ఏళ్ళు సూర్యుని చుట్టూ తిరిగి, కొన్ని భూమ్మీద పడతాయి. ఇలా ఆకాశం నుంచి పడినవే ఉల్కాశిలలు.

మన దేశపు రాయి

1865 ఆగస్టు 25న బీహార్‌లో గయ దగ్గరి షెర్‌ఘాటీలో సుమారు 5 కిలోల రాయి పడింది. 1872లో చెర్మాక్ అనే శాస్త్రవేత్త అందులో, గట్టి దెబ్బకు గాజులా మారిన ఖనిజాన్ని గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే అంగారక శిలల్లో ఒక తరగతిని షెర్‌గొట్టైట్లు అంటారు. నైజర్ రాయిదీ ఇదే తరగతి.

రుజువు ఏమిటి?

చాలా ఉల్కాశిలల వయసు సుమారు 450 కోట్ల ఏళ్ళు. షెర్‌గొట్టైట్ల వయసు అంతకంటే చాలా తక్కువ. చిన్న గ్రహశకలాలు ఏనాడో చల్లారిపోయాయి. ఇంత ఆలస్యంగా లావా పారాలంటే పెద్ద గ్రహమే కావాలి. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి గాలిని కొలిచాయి. అంటార్కిటికాలో దొరికిన ఒక షెర్‌గొట్టైట్‌లోని గాజులో చిక్కుకున్న వాయువులు ఆ కొలతలతో సరిపోయాయని 1983లో బోగార్డ్, జాన్సన్ ప్రకటించారు. షెర్‌ఘాటీ రాయి పుట్టిల్లు తెలియడానికి వందేళ్ళకు పైగా పట్టింది. అన్నాళ్ళూ దాన్ని భద్రపరిచారు కాబట్టే అది సాధ్యమైంది.

మనకేమిటి?

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో కూలీలు వజ్రాల కోసం వెతుకుతారు. రాయి దొరికేది వాళ్ళకు, ధర చెప్పేది వ్యాపారి. నైజర్ రాయి కూడా చేతులు మారి దేశం దాటింది. అదెలా దాటిందో తేల్చాలని వేలం తర్వాత ఆ దేశ ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. నిబంధనల ప్రకారమే తెచ్చామని వేలం సంస్థ అంది. చేలల్లో, క్వారీల్లో రోజూ రాళ్ళు మోసే అమ్మానాన్నలకు పుట్టిన మనం రాయిని చదవడమూ నేర్చుకోవాలి.

నల్లగా ఉండి అయస్కాంతానికి అంటుకున్న ప్రతి రాయీ ఉల్కాశిల కాదు. ఇనుప ఖనిజమూ, కొలిమి చిట్టెమూ అంటుకుంటాయి. మీ ఊళ్ళో ఆకాశం నుంచి రాయి పడితే కడగకండి, పగలగొట్టకండి. చోటు, తేదీ, సమయం రాసిపెట్టి, తహసీల్దారుకు తెలపండి. ఇలాంటి రాళ్ళను పరిశీలించి భద్రపరిచే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు హైదరాబాద్ బండ్లగూడలో కార్యాలయం ఉంది.

అశోక్‌నగర్ కోచింగ్‌లకు వెళ్ళే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కోఠిలో పాత పుస్తకాలు కొనేటప్పుడు ఒక భూగర్భశాస్త్రం పుస్తకం కూడా తీసుకోండి. పరీక్ష అయ్యాక దాన్ని హాస్టల్ లైబ్రరీలో ఉంచండి. మీ తర్వాత వచ్చేవాళ్ళు చదువుకుంటారు.